అప్పుకు రాజ్యాంగం వేసిన కళ్ళెం

రాబడికి మించి ఖర్చు చేయొద్దని ప్రభుత్వాన్ని రాజ్యాంగమే కట్టడి చేస్తే ఎలా ఉంటుంది? జర్మనీ 2009లో ఆ పని చేసింది. మామూలు రోజుల్లో అక్కడి కేంద్ర ప్రభుత్వం చేసే కొత్త అప్పు, జీడీపీలో వంద రూపాయలకు 35 పైసలు దాటకూడదు. అంటే దాదాపు సున్నా. విపత్తు వస్తే మాత్రం పార్లమెంటు అనుమతితో సడలింపు ఉంటుంది.

కరోనా కాలంలో ఆ సడలింపు వాడుకున్నారు. అందులో మిగిలిన అప్పు అనుమతిని వాతావరణ నిధికి మళ్ళించారు. అది చెల్లదని రాజ్యాంగ న్యాయస్థానం 2023 నవంబరులో తేల్చింది. ఒక్క తీర్పుతో 6 వేల కోట్ల యూరోలకు గండి పడింది. ఏడాది తిరిగేసరికి, బడ్జెట్ తగువులోనే సంకీర్ణ ప్రభుత్వం కూలింది.

మరోపక్క వంతెనలు పాతబడ్డాయి. రామెడె లోయ మీది హైవే వంతెనను 2021 చివర్లో మూసేశారు. బాగుచేసే వీల్లేక, తర్వాత కూల్చేశారు. చివరికి 2025లో రాజ్యాంగాన్నే సవరించి, రక్షణకూ మౌలిక వసతులకూ అప్పు తెచ్చుకునే వీలు కల్పించారు.

మనకూ ప్రభుత్వ అప్పుకు హద్దు పెట్టే 2003 నాటి ఎఫ్‌ఆర్‌బీఎం చట్టం ఉంది. కానీ అది మామూలు చట్టం. పార్లమెంటులో మామూలు మెజారిటీ చాలు, మార్చేయొచ్చు.

అప్పుకు కట్టడి ఉండాల్సిందే. కానీ జీతాల కోసం చేసే అప్పునూ, వంతెన కోసం చేసే అప్పునూ ఒకే గాటన కట్టే నియమం మాత్రం తప్పు.