ఫోర్టిఫై: కోట నుంచి కంచం దాకా

బియ్యం సంచి మీద 'ఫోర్టిఫైడ్' అన్న మాట చూసే ఉంటారు. ఈ 'ఫోర్టిఫై' క్రియకు మూలం లాటిన్. 'ఫోర్టిస్' అంటే బలమైనది, 'ఫాకెరె' అంటే చేయడం. ఫ్రెంచి మీదుగా 15వ శతాబ్దంలో ఇంగ్లీషుకు చేరింది. గోడలు, బురుజులు కట్టి ఊరిని శత్రువుకు చిక్కకుండా చేయడానికీ ఈ మాటే వాడారు. ఫోర్ట్ కూడా దీని చుట్టమే. పోర్చుగల్లో పోర్ట్ వైన్‌కు ద్రాక్ష బ్రాందీ కలిపినా ఫోర్టిఫై చేయడమే; బలం వైన్‌కే లెండి, తాగినవాడికి కాదు!

బియ్యం సంగతి వేరు. ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 విటమిన్ కలిపిన బియ్యప్పిండిని గింజల్లా ఒత్తి, 100 కిలోల బియ్యానికి కిలో చొప్పున కలుపుతారు. 'ప్లాస్టిక్ బియ్యం' అని కొందరు ఏరి పారేసేది ఆ గింజల్నే.