గాలి రాకముందే పేర్లు ఎక్కించుకుందాం
(సంఘం మండల సమావేశంలో చేసిన ప్రసంగం)



రామగిరి గాలిమరల్ని బాగా తిప్పేది జూన్ తర్వాతి గాలి. అది ఎప్పుడొస్తుందో మనందరికీ తెలుసు. పుట్లూరు, నార్పల అరటి తోటల్ని పడగొట్టేది ఏప్రిల్, మే నెలల ఈదురుగాలి. ఫిబ్రవరి చివర్లో వాతావరణ శాఖ మార్చి నుంచి మే దాకా అంచనా చెబుతుంది. ఎండ మామూలు కంటే ఎక్కువా, వాన తక్కువా అన్నదే అందులో ఉంటుంది. ఏ ఊళ్లో ఏ సాయంత్రం గాలి లేస్తుందో ఉండదు. అందుకు మూడు గంటల ముందు వచ్చే హెచ్చరికే దిక్కు. అదీ జిల్లా పేరుతో వస్తుంది.

మూడు గంటల్లో తోటంతా బొంగులు నిలపలేం. గెల వేసినప్పుడే కట్టుకోవాలి. హెచ్చరిక ఉన్నరోజు నీళ్లు ఆపాలి, తడి నేలలో చెట్టు వేళ్లతో సహా లేస్తుంది. కరెంటు ఇచ్చేదే ఆ వేళకు కదా అంటారు, నిజమే.

పంట 33 శాతం పోతేనే పెట్టుబడి రాయితీ. ముప్పై శాతం పోయినవాడికి అప్పు ఆగుతుందా? ఆ నిబంధన మారేదాకా మనం అడుగుతూనే ఉంటాం. అంతకంటే ముందు కౌలురైతు సంగతి చూడాలి. కార్డు లేక, ఈ-క్రాప్‌లో పేరు లేక, చెట్లు పడింది ఒకరివి, డబ్బు పడేది ఇంకొకరి ఖాతాలో. ఈ నెలలోనే ఊరూరా కౌలురైతుల జాబితా రాసి రైతు సేవా కేంద్రంలో ఇద్దాం. రసీదు తీసుకోకుండా ఎవరూ రావద్దు.