తొలి దెబ్బకు సహనం: ధూమపానం నుండి విముక్తి

మొదటి ఖుత్బా

సర్వస్తోత్రాలు సకల లోకాల పాలకుడైన అల్లాహ్‌కే. ఆయన మనకు ప్రాణమిచ్చాడు, ఆ ప్రాణం నిలిచేందుకు శ్వాసనిచ్చాడు. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (స)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి, శుభాలు కురియుగాక!

ప్రియ ధార్మిక సోదరులారా! అల్లాహ్ పట్ల భయభక్తులు కలిగి మెలగమని ముందుగా మాకు మేము, ఆ పిదప మీకు ఉపదేశిస్తున్నాము. షాబాన్ నెల నడుస్తోంది. రమజాన్ గుమ్మంలో నిలిచి ఉంది. ఈ జుమా నాడు పొగ త్రాగే సోదరులతో మాట్లాడదలచాము. మానాలని ఎన్నోసార్లు సంకల్పించి, మానలేక, ఆ మాట ఎవరికీ చెప్పుకోలేక కుమిలిపోయేవారు ఈ సఫ్‌లలోనే ఉన్నారు. వారిని నిందించడం మా ఉద్దేశం కాదు. వారికి చేయూతనివ్వడం ఈ జమాఅత్ బాధ్యత.

పొగాకు మన ప్రాంతానికి కొత్త కాదు. చీరాల పొగాకు కంపెనీ, ప్రకాశం జిల్లా పొగాకు చేలు, గుంటూరులోని పొగాకు బోర్డు మనందరికీ తెలిసినవే. అయితే దైవప్రవక్త (స) కాలం నాటి అరేబియాలో ఈ ఆకు లేదు. అమెరికా ఖండం నుండి పోర్చుగీసు వర్తకుల ద్వారా ఇది మన దేశానికి చేరింది. 17వ శతాబ్దం ఆరంభంలో అసద్ బేగ్ దీనిని బీజాపూర్ నుండి అక్బర్ దర్బారుకు తీసుకువెళ్ళాడు. చక్రవర్తి రుచి చూడబోగా వైద్యుడు వారించాడు. 1617లో జహంగీర్ పొగాకును నిషేధిస్తూ ఫర్మానా జారీ చేశాడు.

కొత్త వస్తువు గనుక పూర్వ ఉలమాలలో దీనిపై అభిప్రాయభేదం ఏర్పడింది. కొందరు ముబాహ్ అన్నారు, కొందరు మక్రూహ్ అన్నారు, కొందరు హరాం అన్నారు. ఆనాడు దీని హాని ఇంత స్పష్టంగా తెలియదు. నేడు తెలుసు. ప్రపంచంలో ఏటా 70 లక్షలకు పైగా ప్రాణాలు పొగాకు వలన పోతున్నాయి. తాము త్రాగకుండానే, ఇతరులు వదలిన పొగను పీల్చి మరణించేవారూ ఉన్నారు. సిగరెట్ కంటే బీడీ మేలని కొందరి భ్రమ. బీడీ ఆరిపోకుండా ఉండాలంటే మరిన్ని దమ్ములు లాగాలి, మరింత విషం లోనికి పోతుంది. ఖైనీ, జర్దా కిళ్ళీల సంగతి చెప్పనక్కరలేదు, అవి నోటి క్యాన్సర్‌కు దారులు.

దివ్య ఖుర్ఆన్ అల్ బఖరా సూరా 195వ వాక్యంలో మన చేతులతో మనలను వినాశంలోకి నెట్టుకోరాదని ఆదేశించింది. అన్నిసా సూరా 29వ వాక్యంలో మనలను మనం చంపుకోరాదని హెచ్చరించింది. పచ్చి ఉల్లి, వెల్లుల్లి హలాల్ ఆహారం. అయినా వాటిని తిని, ఆ వాసనతో మస్జిదుకు రావద్దని దైవప్రవక్త (స) వారించారు. ఇక పొగ వాసన మాటేమిటి? ప్రళయదినాన ధనం గురించి ఎలా ఆర్జించావని, ఎందులో ఖర్చు చేశావని ప్రశ్నిస్తారు. రోజుకు వంద రూపాయలు పొగకు పోతే ఏడాదికి 36,500 రూపాయలు. మగ్గం మీద ఎన్ని దినాల శ్రమ అది? బిడ్డల ఎన్ని నెలల చదువు అది?

సోదరులారా! ఇవన్నీ పొగ త్రాగేవారికి మనకంటే ఎక్కువ తెలుసు. తెలిసీ ఎందుకు మానలేకపోతున్నారు? కారణం నికోటిన్. దమ్ము లాగిన కొద్ది క్షణాలలోనే అది మెదడుకు చేరి క్షణికమైన ఊరట కలిగిస్తుంది. రెండు గంటలలో రక్తంలోని నికోటిన్ ఇంచుమించు సగానికి తగ్గుతుంది. అప్పుడు మెదడు మళ్ళీ అడుగుతుంది. పూర్తిగా మానివేస్తే చిరాకు, కోపం, అశాంతి, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం, అతిగా ఆకలి, మనసు నిలవకపోవడం మొదలవుతాయి. రెండు, మూడు రోజులకు ఇవి తీవ్రస్థాయికి చేరి, ఆ తర్వాత తగ్గుముఖం పడతాయి. రెండు నుండి నాలుగు వారాలలో చాలావరకు సద్దుమణుగుతాయి.

ఇప్పుడు రమజాన్‌ను తలచుకోండి. పొగ త్రాగే సోదరుడు సహరీ ముగిసినప్పటి నుండి మగ్రిబ్ వరకు, సుమారు పదమూడు, పద్నాలుగు గంటలు దాని జోలికి పోడు. అల్లాహ్ కోసం ఆ బాధనంతా ఓర్చుకుంటాడు. ఖర్జూరంతో ఇఫ్తార్ చేసి, మగ్రిబ్ నమాజులో సలాం తిప్పగానే కిళ్ళీ కొట్టు వైపు నడుస్తాడు. ఫలితమేమిటి? మానివేయడంలోని మొదటి రోజు బాధను అతడు ముప్పై సార్లు అనుభవిస్తాడు. నాలుగవ రోజు నుండి లభించే ఉపశమనాన్ని మాత్రం ఒక్కసారి కూడా చవిచూడడు. కష్టమంతా పడి, ఫలం చేతికందే వేళ వెనుదిరగడం కదా ఇది!

తనకు శక్తి లేదని అతడు అనరాదు. శక్తి ఉందని ప్రతి రమజాన్ సాక్ష్యమిస్తోంది. కావలసింది ఆ ఓర్పును మూడు రాత్రులకు కూడా పొడిగించడమే.

ఒక సమాధి వద్ద విలపిస్తున్న స్త్రీని దైవప్రవక్త (స) సహనం వహించమన్నారు. ఆయనెవరో ఎరుగక ఆమె కసరింది. తరువాత తెలిసి క్షమాపణకు వచ్చినప్పుడు, నిజమైన సహనం తొలి దెబ్బ తగిలినప్పటిదేనని ఆయన బోధించారు. బుఖారీలోని ఈ హదీసు పొగ మానేవారికి గొప్ప మార్గదర్శి. త్రాగాలనే కోరిక తరంగం వలె లేస్తుంది, సాధారణంగా కొద్ది నిమిషాలలోనే విరుగుతుంది. ఆ కొద్ది నిమిషాలే తొలి దెబ్బ. అప్పుడు చోటు మారండి. నెమ్మదిగా నీళ్ళు త్రాగండి. వుజూ చేసుకుని రెండు రకాతుల నఫిల్ నమాజు చేయండి. సలాం తిప్పేసరికి తరంగం దాటిపోయి ఉంటుంది. చేతికి, నోటికి అలవాటైన సిగరెట్ స్థానంలో మిస్వాక్ ఉంచుకోండి. అది సున్నత్, పైగా ఆ వేళకు ఆసరా. టీతో పాటు పొగ అలవాటున్నవారు కొన్నాళ్ళు ఆ టీ కొట్టునే మార్చండి.

మద్య నిషేధం మదీనాలో దశలవారీగా వచ్చింది. మొదట దాని పాపం లాభం కంటే పెద్దదన్నారు. పిదప మత్తులో నమాజును సమీపించవద్దన్నారు. చివరికి సంపూర్ణ నిషేధం వచ్చింది. ఆనాడు హజ్రత్ అనస్ (రజి) అబూ తల్హా (రజి) ఇంట అతిథులకు మద్యం అందిస్తున్నారు. ప్రకటన వినబడగానే దానిని పారబోశారు. మదీనా వీధులలో మద్యం ప్రవహించింది. ఏళ్ళ తరబడి అలవాటు పడిన నోళ్ళే అవి. కనుక ఒక తేదీ నిర్ణయించుకోండి. ఆనాడు జేబులో, ఇంటిలో, దుకాణంలో ఉన్న పెట్టెలన్నీ పారవేయండి. ఈ షాబాన్‌లోనే మొదలుపెడితే, ఆ కఠినమైన మూడు రోజులు రమజాన్‌కు ముందే గడిచిపోతాయి.

ఈ మాటలతో మా కొరకు, మీ కొరకు అల్లాహ్‌ను క్షమాభిక్ష వేడుకుంటున్నాము.

రెండవ ఖుత్బా

అల్లాహ్‌కు స్తోత్రం, ఆయన ప్రవక్తపై దరూద్, సలాం.

సోదరులారా! వైద్యం చేయించుకోవడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు. నికోటిన్ చూయింగ్ గమ్, చర్మంపై అంటించే పట్టీలు వైద్యుని సలహాతో వాడవచ్చు. గమ్ వలన ఉపవాసం భంగమవుతుంది గనుక దానిని రాత్రివేళలకే పరిమితం చేయాలి. పట్టీ వలన భంగం కాదని అనేకమంది ఉలమాల అభిప్రాయం. గుండెజబ్బు ఉన్నవారు, లోగడ మానసిక కుంగుబాటుకు చికిత్స పొందినవారు వైద్యుని తప్పక సంప్రదించాలి. ప్రభుత్వం నడిపే ఉచిత టెలిఫోన్ సహాయం కూడా ఉంది: 1800 112 356.

మాని, మళ్ళీ ఒకసారి త్రాగిన సోదరునికి ఒక మాట. మన వేటపాలెం నేతకారులకు ఇది బాగా తెలుసు. పడుగులో ఒక పోగు తెగితే చీరంతా కోసి పారవేస్తామా? ముడివేసి నేత సాగిస్తాము. తౌబా ఆ ముడి. అజ్జుమర్ సూరా 53వ వాక్యం దైవకారుణ్యం పట్ల నిరాశ చెందవద్దని మనలను పిలుస్తోంది. ఒక్క సిగరెట్ ఓటమి కాదు. ఎలాగూ చెడిందని రెండవది వెలిగించడమే ఓటమి.

ఇంటివారికి మరొక మాట. ఆ కొన్ని రోజులు అతడు చిన్న మాటకే కసురుకోవచ్చు. అది అతని నైజం కాదు, శరీరం నుండి విషం వీడిపోతున్న బాధ. ఓర్చుకోండి, దెప్పిపొడవకండి. స్నేహితులారా, అతని ముందు వెలిగించకండి, "ఒక్కటే కదా" అని చేతికందించకండి. పాపకార్యంలో పరస్పరం తోడ్పడరాదని అల్లాహ్ ఆజ్ఞ. ఈ వారం మానదలచిన సోదరులు నమాజు తర్వాత మమ్మల్ని కలవండి. మీ మాట మా వద్దే ఉంటుంది. తొలి మూడు రోజులు ప్రతి నమాజు తర్వాత మీ ప్రక్కన కూర్చుంటాము.

మానివేసిన ఏడాదికి, పొగ వలన గుండెజబ్బుకు పెరిగిన ముప్పు సుమారు సగానికి తగ్గుతుంది. పదేళ్ళు గడిచేసరికి, త్రాగుతూనే ఉన్నవారితో పోలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు కూడా సగానికి పడిపోతుంది. అల్లాహ్ ఈ శరీరంలో కోలుకునే గుణాన్ని కూడా ఉంచాడు. ఆ అమానతును పాడుచేయకుండా ఆయనకే అప్పగించే బాధ్యత మనది.

ఓ అల్లాహ్! ఈ వ్యసనంతో పోరాడుతున్న మా సోదరులకు తొలి ఘడియలోనే సహనం ప్రసాదించు. వారి శ్వాసను శుభ్రపరచు, వారి సంపాదనలో బర్కత్ కలుగజేయి. పొగ వలన రోగగ్రస్తులైన వారికి స్వస్థత చేకూర్చు. మా పిల్లలను ఈ అలవాటు నుండి కాపాడు. మమ్మల్నందరినీ ఆరోగ్యంతో, విశ్వాసంతో రమజాన్‌కు చేర్చు. ఆమీన్.