తినకపోయినా షుగరు ఎందుకు పెరుగుతుంది?
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలలో తరచుగా వినిపించే మాట ఒకటున్నది. "మాస్టర్ సాబ్, రాత్రి రెండు రొట్టెలే తిన్న. పొద్దున పరగడుపున చూపిస్తే షుగరు 180! మిషను తప్పు చూపిస్తున్నది." మిషను తప్పు కాదండి. మనం నిద్రపోయినా మన కార్జం నిద్రపోదు.

కార్జాన్ని ఉర్దూలో జిగర్ అంటాము. అది మన ఒంట్లోని చక్కెర గిడ్డంగి. మిర్యాలగూడ మిల్లులు కోతలప్పుడు వడ్లు నిలవచేసి, తరువాత బియ్యం పంపినట్లే, కార్జం తిన్నప్పుడు గ్లూకోజును గ్లైకోజెనుగా దాచి, ఆకలివేళ రక్తంలోకి వదులుతుంది. దాచేది సుమారు 100 గ్రాములు. అది తరిగేకొద్దీ మాంసకృత్తులు మొదలైనవాటి నుండి కొత్త గ్లూకోజు తయారుచేస్తుంది. మెదడు ఒక్కటే రోజుకు సుమారు 120 గ్రాములు ఖర్చుచేస్తుంది గనుక ఈ పని ఆగిపోతే ప్రాణానికే ముప్పు.

మరి గిడ్డంగి తలుపు తీయమని, మూయమని చెప్పేదెవరు? హార్మోనులు. కార్జపు కణాల పైపొరమీద వాటిని అందుకొనే గ్రాహకాలుంటాయి. తాళంచెవి తాళంలో పడ్డట్లు గ్లూకగాన్ తన గ్రాహకాన్ని తాకగానే, లోపల సైక్లిక్ ఏఎంపీ అనే వార్తాహరుడు పుట్టి "చక్కెర వదలండి" అని కబురు చేస్తాడు. దీనిని కనిపెట్టిన ఎర్ల్ సదర్లాండుకు 1971లో నోబెల్ బహుమతి లభించింది. ఈ వార్తాహరుడు తయారయ్యేది ఏటీపీ నుండి. ఆ ఏటీపీని 1929లో ఫిస్కేతో కలిసి గుర్తించినవారు భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారే!

ఇన్సులిన్ కబురు ఇందుకు వ్యతిరేకం. అది తన గ్రాహకాన్ని తాకితే, కొత్త గ్లూకోజు తయారుచేయించే ఫాక్సో 1 అనే ప్రోటీను కణకేంద్రకం నుండి బయటికి పోతుంది, తయారీ తగ్గుతుంది. టైపు 2 మధుమేహంలో ఇన్సులిన్ తలుపు తట్టినా లోపలికి కబురు సరిగా పోదు. తెల్లవారుజామున కార్టిజోల్ వంటి హార్మోనులు కూడా పెరుగుతాయి. కనుక తినకున్నా షుగరు పెరుగుతుంది. మెట్‌ఫార్మిన్ బిళ్ల ముఖ్యంగా తగ్గించేది ఈ కార్జపు తయారీనే.

ఇక నేను చెప్పదలచిన అసలు మాట. "తిననప్పుడు మందెందుకు?" అని రంజానులో కొందరు బిళ్లలు, ఇన్సులిన్ తమంతట తామే మానేస్తారు. ఇన్సులిన్ పూర్తిగా మానితే రక్తం ఆమ్లమయమై స్పృహ తప్పవచ్చు. మరికొందరు పాత మోతాదే వేసుకొని రోజా ఉంటారు. కొన్ని మందులతో సాయంత్రానికి షుగరు మరీ పడిపోతుంది. రెండూ ప్రమాదమే. కనుక రంజానుకు నెల, రెండు నెలల ముందే డాక్టరును కలిసి మోతాదు, వేళలు మార్పించుకోండి. వేలు గుచ్చి చూసుకుంటే రోజా పోదని ఉలమాలు చెబుతున్నారు. షుగరు 70కి దిగితే వెంటనే రోజా విడవాలి. రోగికి మినహాయింపు ఖురానులోనే ఉన్నది, దానిని అవమానంగా భావించవద్దు.

ఇంటికి పోయి మీ అమ్మీ, అబ్బాల మందుల డబ్బా ఒకసారి తెరిచి చూడండని ప్రార్థిస్తూ సెలవు తీసుకుంటున్నాను. ఖుదా హాఫిజ్.