ఎయిర్‌పోర్టు దారిలో ఒరాంగ్ అస్లి ఊరు

మలేషియాలో ఉన్న మనలో చాలామంది కేఎల్‌ఐఏలో దిగినవాళ్లమే. ఆ ఎయిర్‌పోర్టుకని వేసిన ఒక హైవే కోసం 1995 ప్రాంతంలో దెంగ్కిల్ దగ్గర బుకిట్ తంపోయ్ అనే ఊళ్లో సుమారు 38 ఎకరాలు తీసుకున్నారు. ఊరు తెముయాన్ వాళ్లది. వీళ్లు ఒరాంగ్ అస్లి, అంటే మూలవాసులు. ఆ అస్లి, మన "అసలు" రెండూ అరబ్బీ నుంచి వచ్చినవే!

ఇళ్లకీ, చెట్లకీ, పంటకీ డబ్బు కట్టారు. నేలకి మాత్రం పైసా ఇవ్వలేదు, పట్టా లేదన్నారు. తాతల కాలం నుంచి అక్కడే ఉన్నవాళ్లకి పట్టా ఎవరిస్తారండీ? సాగోంగ్ తాసి అనే ఆయన, ఇంకో ఆరుగురు కేసు వేశారు. 2002లో హైకోర్టు, 2005లో అప్పీలు కోర్టు ఆ నేల మీద హక్కు వాళ్లదే అన్నాయి. 65 లక్షల రింగిట్లకి రాజీ కుదిరేసరికి మాత్రం 2010 వచ్చేసింది.