బాగుచేయక ముందే ముట్టుకున్నాడు

 

దేవుడు ఎలాంటివాడని ఎవరైనా అడిగితే మనం వెంటనే సర్వశక్తిమంతుడు, పరిశుద్ధుడు, ప్రేమామయుడు అంటాం. ఇప్పుడు మనం చదువుకున్న మార్కు సువార్త 1వ అధ్యాయం 40 నుంచి 45 వచనాలు ఆ ప్రేమ ఎలా నడుచుకుంటుందో చూపిస్తాయి.

కుష్ఠువ్యాధి ఉన్న ఒక మనిషి యేసు ఎదుట మోకరించాడు. లేవీయకాండం 13వ అధ్యాయం ప్రకారం అతడు పాళెం వెలుపల ఒంటరిగా బతకాలి, తాను అపవిత్రుణ్ణని కేకవేసి చెప్పుకోవాలి. అతని మనవి గమనించండి. బాగుచేయడం నీకు చేతనవుతుందా అని అతడు అడగలేదు. నీకు ఇష్టమైతే చాలు అన్నాడు. దేవుని శక్తిమీద అతనికి అనుమానం లేదు, ఆయన మనసుమీదే అనుమానం. ఊరు వెలివేసిన మనిషికి దేవుడూ వెలివేశాడేమో అనిపించడంలో ఆశ్చర్యమేముంది?

యేసు కనికరపడ్డాడు. కొన్ని ప్రాచీన ప్రతుల్లో ఇదే చోట ఆయన కోపగించుకున్నాడని ఉంది. ఆ రెండూ ఒకే హృదయంలో ఉండగలవు. బాధపడే మనిషిమీద కనికరం ఉన్నవారికి, అతన్ని అలా బతకనిచ్చిన తీరుమీద కోపం రాకుండా ఉంటుందా?

శతాధిపతి దాసుణ్ణి యేసు దూరం నుంచే, మాటతోనే స్వస్థపరిచాడు. ఇక్కడా అలా చేయవచ్చు. కానీ ముందు చెయ్యి చాపి ముట్టుకున్నాడు, ఆ తర్వాతే శుద్ధుడవు కమ్మన్నాడు. పిమ్మట వెళ్లి యాజకునికి కనబడమన్నాడు. యాజకుడు శుద్ధుడని ప్రకటిస్తేనే అతనికి ఇల్లు, ఊరు, ఆరాధన తిరిగి దక్కుతాయి. ఒంటితోపాటు అతని హక్కులనూ ప్రభువు పట్టించుకున్నాడు. చివరి వచనంలో యేసే ఊరిలోకి బాహాటంగా రాలేక వెలుపల అరణ్యప్రదేశాల్లో ఉండిపోయాడు. వెలుపలివాణ్ణి లోపలికి పంపి, తాను వెలుపల నిలిచాడు. మన దేవుని స్వభావం ఇదే.

మన ఇండూరు గడ్డమీద ఈ వాక్యం చదువుతుంటే డిచ్‌పల్లి గుర్తుకు వస్తుంది. స్కాట్లాండ్ నుంచి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ మెథడిస్టు మిషన్ తరఫున 1915లో అక్కడ కుష్ఠువ్యాధి ఆసుపత్రిని స్థాపించారు. హైందవుడైన రాజా నర్సాగౌడ్ అందుకు ధనసహాయం చేశారు. సరైన మందులేని ఆ రోజుల్లో చాల్‌మూగ్రా నూనె ఇంజెక్షన్లతో అక్కడ చికిత్స జరిగింది. 1932లో కన్నుమూసేవరకు ఇసబెల్ గారు ఈ పని విడువలేదు. అందరూ భయపడే వ్యాధి ఉన్నవారి పుండ్లు కడిగి కట్టుకట్టిన చేతులను చూసి, దేవుడు తమను వెలివేయలేదని ఎందరు గ్రహించి ఉంటారో!

ఇప్పుడు మన సంగతి చూసుకుందాం. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన బహుళ ఔషధ చికిత్సతో కుష్ఠు పూర్తిగా నయమవుతుంది, ప్రభుత్వాసుపత్రుల్లో ఆ మందులు ఉచితం. అయినా భార్యకో భర్తకో ఈ వ్యాధి ఉందన్న కారణంతో విడాకులు పొందే వీలు 2019 వరకు మన దేశ చట్టాల్లో ఉండిపోయింది. క్రైస్తవులకు వర్తించే 1869 నాటి విడాకుల చట్టం కూడా వాటిలో ఒకటి. మందు దొరికాక కూడా వెలి మిగిలిపోయిందన్నమాట.

వెలి ఆ వ్యాధితోనే ఆగలేదు. కులం పేరుతో మనుషులను ముట్టకుండా దూరం పెట్టిన దేశం మనది. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దుచేసింది. మరి మన సంఘాల్లో? ఒకే రొట్టెలో పాలుపొందుతాం, పెళ్లి సంబంధం దగ్గరకు వచ్చేసరికి కులం అడుగుతాం. క్రిస్మస్‌కు దుప్పట్లు పంచి ఫోటో దిగుతాం, వారి ఇంట్లో కూర్చుని మంచినీళ్లు తాగడానికి మాత్రం తటపటాయిస్తాం. దూరం నుంచి ఇచ్చే దానం మనకు సులభం. ప్రభువు మాత్రం దగ్గరకు వెళ్లాడు.

యువతీ యువకులారా, ఈ వారం ఒక పని చేద్దాం. మన వీధిలో, మన సంఘంలో ఎవరూ పక్కన కూర్చోని మనిషి ఎవరో చూద్దాం. వారి దగ్గరకు వెళ్లి కూర్చుందాం, వారి మాట విందాం. పింఛనో ధ్రువపత్రమో రాక తిరుగుతుంటే వారితో కలిసి కార్యాలయానికి నడుద్దాం. అలా చేస్తే నలుగురూ మనల్నీ దూరం పెట్టవచ్చు. భయపడవద్దు. ఆ వెలుపల మనకంటే ముందే ప్రభువు నిలబడి ఉన్నాడు.

ఆయన కనికరం, ఆయన కోపం, ఆయన చెయ్యి మనకూ అనుగ్రహించబడును గాక. ఆమెన్.