పసిబిడ్డల గదికి గోడరంగు



పటాన్‌చెరువు, పాశమైలారము, బొల్లారము ప్రాంతములందు కర్మాగారములు వెలసిన పిదప, తల్లిదండ్రులిరువురును పనికి పోవు కుటుంబము లనేకము లేర్పడినవి. అట్టివారి బిడ్డలను పగలెల్ల తమ యింట చేర్చుకొని సాకు గృహిణులును కలరు. ఆ గదికి రంగు నిర్ణయించునది తరచుగా ఇంటి పెద్దలే. కావున ఈ సంగతి తమకు మనవి చేయ దలచితిని.

రంగనగానే కంటి కింపైనదానిని వెదకుదుము. అంతకు ముందు విచారింపవలసినది సీసము. పూర్వము పసుపు, నారింజ, ఎరుపు రంగుల నూనెపూతలలో సీసలవణములు విశేషముగా వాడెడివారు. సిందూరమనునదియు సీసభస్మమే. పాకెడు బిడ్డ పాత తలుపునుండి రాలిన పెచ్చును నోట బెట్టుకొనును. ధూళి యంటిన వ్రేళ్లను చీకును. ఆ సీసము రక్తమున గలిసి మెదడునకు హాని చేయును. ఇంతవరకు నిరపాయమని చెప్పదగిన పరిమాణమే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. పలుమారులు పైకి ఏ లక్షణమును కానరాదు. బిడ్డ చదువున వెనుకబడును. మనము వానిని మందమతి యని నిందింతుము. అనుమానమున్నచో వైద్యునిచే రక్తపరీక్ష చేయింపవలెను.

మన ప్రభుత్వము 2016లో నియమములు చేసి, 2017 నవంబరు 1 నుండి ఇండ్లకు వేయు రంగులలో సీసము పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదని శాసించినది. డబ్బాపై ఆ మాట యున్నదో లేదో చదివి కొనవలెను. పాత పూతను పొడిగా గీకరాదు; తడిపి గీకి, తడిగుడ్డతో తుడువవలెను. ఆ దినములందు బిడ్డలను, గర్భిణులను వేరొక యింట నుంచవలెను.

ఇక వర్ణము మాట. వెలుతురు తక్కువైన గదికి వెన్నవన్నెయో లేతపసుపో మేలు. పడమటెండ తగులు గదికి లేతనీలము, లేతయాకుపచ్చ చల్లదనమును తోపించును. పైకప్పు తెల్లగా నున్నచో వెలుగు గదియంతయు పరచుకొనును. ముదురు వన్నెలు నాలుగు గోడలకును పూసినచో గది చీకటిపడును. ఆ వేడుక బొమ్మలకును చాపలకును విడుచుట మంచిది.

మన పూర్వులు సున్నములో నీలిమందు కలిపి గోడలకు వేసెడివారు. అది చవుక, చల్లన. అయితే తాకిన చేతికి అంటును; తడిసున్నము కంట బడిన ప్రమాదము. కావున పైభాగమునకు సున్నము వేసి, నేలనుండి మూడడుగుల యెత్తువరకు తుడువ వీలగు పూతను కొంచెము ముదురువన్నెలో వేయించుట యుక్తము. పిల్లల చేతిమరకలు పడునది అచటనే. పూత బాగుగా ఆరి, వాసన పోవువరకు కిటికీలు తెరచియుంచి, అటుపిమ్మట బిడ్డలను రానీయవలెను.

తమ మనుమలను ఇట్టి యింటికి పంపుచున్నవారు, గోడల సొగసుతోబాటు తలుపుల, కిటికీల చట్రములపై పెచ్చులు లేచుచున్నవేమో ఒకమారు స్వయముగా చూచి రావలెనని నా ప్రార్థన.